మూడు వేల అక్షరాల వైరస్, నలభై కోట్ల ఏళ్ల వంశవృక్షం: ప్రాజెక్టు డైరీ

హెపడ్నావిరిడే అనే వైరస్ కుటుంబానికి వంశవృక్షం గీసి, దాని కొమ్మలకు వయసులు కట్టే పని ఇది. మనుషుల్లో హెపటైటిస్ బి తెచ్చే వైరస్ ఈ కుటుంబానిదే. దాని చుట్టాలు బాతుల్లో, వుడ్‌చక్కుల్లో (ఉడుత జాతికి చెందిన ఉత్తర అమెరికా జంతువు), గబ్బిలాల్లో, కప్పల్లో, చేపల్లో ఉన్నాయి. సీక్వెన్సులన్నీ (డీఎన్ఏ అక్షరాల వరుసలు) జెన్‌బ్యాంక్ అనే డేటాబేసులో ఉచితంగా దొరుకుతాయి, సాఫ్ట్‌వేర్‌కూ పైసా ఖర్చు లేదు, 8 జీబీ మెమరీ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఎవరైనా మొదటినుంచి చేసి నా లెక్కలు సరిచూడవచ్చు. పని ఎక్కడ ఆగిందో, ఏం మారిస్తే కదిలిందో వాటికే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను.

పనిముట్లు: అలైన్‌మెంట్‌కు (సీక్వెన్సులను పోలిక కుదిరేలా ఒకదాని కింద ఒకటి అమర్చడానికి) మాఫ్ట్, దాన్ని కళ్లతో చూడటానికి అలీవ్యూ, కత్తిరించడానికి ట్రిమ్‌ఏఎల్, వృక్షానికి ఐక్యూ-ట్రీ, కాలం లెక్కకు టెంప్‌ఎస్ట్, బీస్ట్ 2. బొమ్మకు ఫిగ్‌ట్రీ. శిలాజాల (జంతువుల జీనోముల్లో మిగిలిన పాత వైరస్ ముక్కల) వేటకు, ప్రోటీన్ ఇస్తే జీనోముల్లో దాని పోలికలు వెతికే టీబ్లాస్ట్‌ఎన్.

దశ 1: ఏ సీక్వెన్సులు తీసుకోవాలి

మనిషి వైరస్ పూర్తి జీనోములు జెన్‌బ్యాంక్‌లో వేలల్లో ఉన్నాయి. కప్పల, చేపల వైరస్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దొరికినవన్నీ కుమ్మరిస్తే వృక్షమంతా మనిషి కొమ్మతోనే నిండిపోతుంది, లెక్క నడవడానికి గంటలు పడుతుంది, కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. అందుకని ఈ నియమాలు పెట్టుకున్నాను.

1. మనిషి వైరస్‌కు ఎ నుంచి జె వరకు పది జీనోటైపులు (జన్యు రకాలు). ఒక్కో దానికి ఒక్క జీనోము.
2. జీనోటైప్ బిలో ఆసియా అంతటా విరివిగా కనిపించే రకానికి కోర్ (వైరస్ లోపలి గుల్లను తయారుచేసే జన్యువు) ప్రాంతం జీనోటైప్ సి నుంచి వచ్చి కలిసింది. ఇలాంటి కలగలుపు సీక్వెన్సు ఒక్కటి ఉన్నా రెండు కొమ్మలు అకారణంగా దగ్గరవుతాయి. జపాన్‌లో ఉండే, కలగలుపు లేని రకాన్ని తీసుకున్నాను.
3. పూర్తి జీనోము లేని ఎంట్రీలు వద్దు.
4. ప్లాస్మిడ్లు, ప్రయోగశాలలో తయారైన క్లోన్లు వద్దు.

రెండో నియమానికి పట్టిన సమయం మిగతా మూడింటికీ కలిపి పట్టలేదు. ఏ జీనోములో ఏ ముక్క ఎక్కడిదో ఎంట్రీ శీర్షిక చూస్తే తెలియదు. జీనోమును 300 అక్షరాల చొప్పున ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఏ జీనోటైపుకు దగ్గరగా ఉందో చూడాల్సి వచ్చింది.

ఇప్పటికి జమ:
మనిషి: 10
చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్, గిబ్బన్: 4 (మొత్తం 14)
ఊలీ మంకీ, కాపుచిన్: 2 (16)
వుడ్‌చక్, నేల ఉడుతలు: 3 (19)
గబ్బిలాలు: 3 (22)
పెంపుడు పిల్లి, ష్రూ: 2 (24)
బాతు, హెరాన్, స్టార్క్, క్రేన్, స్నో గూస్, రాస్ గూస్, చిలుక: 7 (31)
టిబెట్ కప్ప: 1 (32)
బ్లూగిల్, వైట్ సక్కర్ చేపలు: 2 (34)

వుడ్‌చక్ వైరస్ 1978లో, బాతు వైరస్ 1980లో వెలుగులోకి వచ్చాయి. ఆ తర్వాత చాలాకాలం ఈ కుటుంబం అంటే పాలిచ్చే జంతువులు, పక్షులు, అంతే. 2013లో గబ్బిలాలు, 2015లో వైట్ సక్కర్, 2016లో టిబెట్ కప్ప, బ్లూగిల్ వచ్చి చేరాయి. పాత పుస్తకాల్లోని వంశవృక్షాన్ని ఆధారంగా పెట్టుకుంటే ఈ కొత్త కొమ్మలకు అందులో చోటే ఉండదు.

దశ 2: గుండ్రటి జీనోము, కుదరని అలైన్‌మెంట్

34 జీనోములనూ నేరుగా మాఫ్ట్‌కు ఇస్తే వచ్చినది చెత్త. పక్షుల వరుసల్లో వందల కొద్దీ ఖాళీలు, పాలిచ్చే జంతువుల వరుసలతో ఎక్కడా పొంతన లేదు. ఖాళీలకు వేసే జరిమానా పెంచినా, తగ్గించినా చెత్త రూపం మారింది తప్ప చెత్త పోలేదు.

కారణం జీనోము ఆకారంలోనే ఉంది. ఈ వైరస్ డీఎన్ఏ గుండ్రంగా ఉంటుంది. దానికి మొదలంటూ లేదు. ఫైల్లో రాయాలంటే ఎక్కడో ఒకచోట తెంపాలి. మనిషి వైరస్‌ను ఎకో-ఆర్-వన్ అనే ఎంజైము కోసే చోటి నుంచి లెక్కపెట్టడం ఆనవాయితీ. ఆ కోత గుర్తు మిగతా చుట్టాల్లో అదే చోట ఉండాలన్న నియమం లేదు. ఒకే దండను ఒక్కొక్కరు ఒక్కో పువ్వు దగ్గర తెంపి పరిచినట్టు ఉంది నా ఫైలు.

చేసిన మార్పు:

1. ప్రతి జీనోమునూ రెండుసార్లు పక్కపక్కన అతికించాను. ఇలా చేస్తే తెగిపోయిన జన్యువు మధ్యలో ఎక్కడో ఒకచోట పూర్తిగా కనిపిస్తుంది.
2. ఆ జంట సీక్వెన్సులో పాలిమరేజ్ (వైరస్ డీఎన్ఏను తయారుచేసే ఎంజైము) జన్యువు మొదలు ఎక్కడుందో వెతికాను.
3. అక్కడి నుంచి సరిగ్గా ఒక జీనోము పొడవు కోసి కొత్త ఫైల్లో పెట్టాను.
4. కొత్త పొడవు, పాత పొడవు ఒకటేనా అని ప్రతి వరుసకూ సరిచూశాను.

పరీక్షకు మనిషి జీనోటైప్ డి తీసుకోండి. పొడవు 3182. పాలిమరేజ్ 2307 దగ్గర మొదలై 3182 దాకా వెళ్లి, మళ్లీ 1 నుంచి 1623 దాకా వస్తుంది. మొదటి ముక్క 876, రెండోది 1623, కలిపితే 2499. మూడుతో భాగిస్తే 833 కోడాన్లు (ఒక్కో అమైనో ఆమ్లానికి గుర్తైన మూడేసి అక్షరాలు). ఆఖరిది స్టాప్ (ఇక్కడ ఆపమనే గుర్తు) కాబట్టి ప్రోటీన్ పొడవు 832 అమైనో ఆమ్లాలు. మీ స్క్రిప్టు ఈ 832 ఇవ్వకపోతే తిప్పడంలో ఎక్కడో ఒక అక్షరం జారింది, ముందుకు వెళ్లొద్దు.

తిప్పాక పాలిచ్చే జంతువుల వైరస్‌లన్నీ చక్కగా అమరాయి, పక్షులవి వాటిలో అవి అమరాయి. రెండు గుంపుల్నీ కలిపితే మాత్రం ఇంకా కుదరలేదు.

దశ 3: ఒకే అక్షరం, రెండు జన్యువులు

జీనోటైప్ డిలోని నాలుగు జన్యువుల పొడవులు కాగితం మీద వేసుకున్నాను.

పాలిమరేజ్ (పి): 2499
ఉపరితల ప్రోటీన్ (ఎస్, ముందు భాగాలతో కలిపి): 1170
కోర్ (సి, ప్రీకోర్‌తో కలిపి): 639
ఎక్స్: 465
మొత్తం: 4773

జీనోములో ఉన్నవి 3182 అక్షరాలు. అందులో 4773 అక్షరాల జన్యువులు ఇమిడాయి, అంటే ఒకటిన్నర రెట్లు. ఎస్ మొత్తం 1170 అక్షరాలూ పి లోపలే ఉన్నాయి. కోర్ చివర 146, ఎక్స్ మొదట 250 కూడా పితో పంచుకున్నవే. ఎక్స్‌కూ ప్రీకోర్‌కూ మధ్య మరో 25. పంచుకున్నవన్నీ కలిపితే 1591. 4773 లోంచి 1591 తీసేస్తే సరిగ్గా 3182. ఏ జన్యువుకూ చెందని అక్షరం ఒక్కటి కూడా లేదు. ఈ లెక్క తేలినప్పుడు చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయాను. ఇంత పొదుపైన రాత నాకు తెలిసి ప్రకృతిలో బహు తక్కువ.

ఈ పొదుపే వంశవృక్షం పనికి పెద్ద అడ్డంకి. మామూలుగా కోడాన్‌లో మూడో అక్షరం మారినా అమైనో ఆమ్లం మారకపోవచ్చు. అందుకే మూడో అక్షరాల మార్పులను 'స్వేచ్ఛగా జరిగినవి' అనుకుని కాలం లెక్క కడతారు. ఇక్కడ ఆ ఊహ చెల్లదు. పి కోడాన్లు 1, 4, 7 అంకెల దగ్గర మొదలవుతాయి. చిన్న ఎస్ ప్రోటీన్ 155 దగ్గర మొదలవుతుంది. మూడుతో భాగించి శేషం చూడండి: పి కోడాన్‌లో మూడో అక్షరం ఎస్ కోడాన్‌లో రెండోది అవుతుంది. రెండో అక్షరం మారితే అమైనో ఆమ్లం తప్పక మారుతుంది. అంటే పికి ఏ నష్టమూ లేని మార్పు ఎస్‌కు నష్టం కావచ్చు. ఎంపిక ఒత్తిడి లేని మూడో అక్షరం ఈ ప్రాంతంలో దొరకదు.

మార్చినవి:

1. కుటుంబం మొత్తానికి డీఎన్ఏ అలైన్‌మెంట్ మానేసి ప్రోటీన్ అలైన్‌మెంట్‌కు మారాను.
2. ఒక్క పి ప్రోటీన్‌తోనే ప్రధాన వృక్షం. సి ప్రోటీన్ వృక్షం విడిగా, సరిచూడటానికి మాత్రమే.
3. పి లో నాలుగు భాగాలుంటాయి: టెర్మినల్ ప్రోటీన్, స్పేసర్, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్ఎన్ఏ చూసి డీఎన్ఏ రాసేది), ఆర్‌నేజ్ హెచ్ (వాడేసిన ఆర్ఎన్ఏను తొలగించేది). స్పేసర్‌ను పూర్తిగా కోసేశాను. దాని మీద ఎస్ ముందు భాగాలు కూర్చుని ఉంటాయి కాబట్టి అది వాటి అవసరాన్ని బట్టి మారిపోతుంది. బాతు స్పేసర్‌నూ మనిషి స్పేసర్‌నూ పక్కన పెడితే పోలిక కనిపించదు.
4. మాఫ్ట్‌లో ఎల్-ఐఎన్ఎస్-ఐ పద్ధతి. నెమ్మదే అయినా ఇంత తక్కువ సీక్వెన్సులకు నిమిషాల్లో అయిపోతుంది.

నాణ్యతకు ఒక గుర్తు: రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ నడిబొడ్డున టైరోసిన్, మెథియోనిన్, ఆస్పార్టేట్, ఆస్పార్టేట్ అనే నాలుగు అమైనో ఆమ్లాల వరుస ఉంటుంది. మనిషి వైరస్‌లోనూ బాతు వైరస్‌లోనూ అదే. అలీవ్యూలో తెరిచి ఆ నాలుగూ ఒకే నిలువు వరుసల్లో నిలిచాయో లేదో ముందు చూడండి. అవి చెదిరితే మిగతాది చూడనక్కర్లేదు.

ఇప్పటికి జమ: 34 వరుసలు. జీనోటైప్ డి పి ప్రోటీన్ 832లో స్పేసర్ పోగా మిగిలింది సుమారు 680. అందులో రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వాటా 344, ఆర్‌నేజ్ హెచ్ వాటా 153.

దశ 4: వేరు ఎక్కడ

మొదటి వృక్షంలో గుంపులు బాగానే వచ్చాయి. పాలిచ్చే జంతువులవి ఒకచోట, పక్షులవి ఒకచోట. ఏది ముందు విడిపోయిందో చెప్పే వేరు మాత్రం లేదు. అతి పొడవైన దారికి మధ్యలో వేరు పెట్టే పద్ధతి వాడితే, ఒక్క సీక్వెన్సు తీసినా, కలిపినా వేరు స్థానం మారిపోయింది. అలాంటి వేరును నమ్మి కాలం లెక్క కట్టకూడదు.

దీనికి మందు 2017లో వచ్చిన ఒక పరిశోధనలో దొరికింది. చేపల సీక్వెన్సు డేటాలో హెపడ్నా వైరస్‌లకు దాయాదులైన కొత్త కుటుంబం బయటపడింది. వాటికి పి ఉంది, సి ఉంది, పైపొర లేదు, పైపొరను తయారుచేసే ఎస్ జన్యువూ లేదు. నాకెడ్నా వైరస్‌లు అని పేరు పెట్టారు. ఆ పరిశోధన అంచనా ప్రకారం ఈ రెండు శాఖలూ విడిపోయి 40 కోట్ల ఏళ్లకు పైనే. వాటిలో నాలుగింటిని ఔట్‌గ్రూప్‌గా (వేరు ఎక్కడో చూపే బయటి చుట్టాలుగా) కలిపాను. మొత్తం 38.

వేరు కుదిరింది. దానితో పాటు ఒక అనుమానం కూడా వచ్చిపడింది. బ్లూగిల్ చేప వైరస్ ఇంకో చేప వైరస్ దగ్గర లేదు, కప్ప దగ్గరా లేదు. పాలిచ్చే జంతువుల కొమ్మ పక్కన కూర్చుంది. వైరస్‌లు తమ ఆతిథేయులతో పాటే చీలుతూ వచ్చి ఉంటే ఇలా జరగదు. పొడవాటి కొమ్మలు ఒకదాన్నొకటి లాక్కోవడం ఈ లెక్కల్లో మామూలు జబ్బు కాబట్టి ముందు దాన్నే అనుమానించి పరీక్షలు పెట్టాను.

1. ఔట్‌గ్రూప్ తీసేసి మళ్లీ వృక్షం కట్టాను. బ్లూగిల్ కదల్లేదు.
2. కప్పను తీసేశాను. కదల్లేదు.
3. వైట్ సక్కర్‌ను తీసేశాను. కదల్లేదు.
4. ఐక్యూ-ట్రీ ఎంచిన మోడల్ (ఏ అమైనో ఆమ్లం దేనిగా ఎంత తరచుగా మారుతుందో చెప్పే పట్టిక) వదిలి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌ల కోసమే తయారైన ఆర్‌టీరెవ్ మోడల్ పెట్టాను. అక్కడే ఉంది.
5. సి ప్రోటీన్ ఒక్కదానితో కట్టాను. స్థానం అదే, బలం మాత్రం తక్కువ. సి చిన్నది కాబట్టి అంతకంటే ఆశించలేం.

వేగవంతమైన బూట్‌స్ట్రాప్‌లో (డేటాను కలిపి మళ్లీ మళ్లీ వృక్షం కట్టి, ఒక చీలిక నూటికి ఎన్నిసార్లు వస్తుందో చూసే పరీక్ష) 95కు తక్కువ ఉన్న చీలికను నేను నమ్మను. పాత పద్ధతి బూట్‌స్ట్రాప్‌లో 70కి ఉన్న విలువ దీనిలో 70కి లేదు, ఈ రెండిటినీ కలపొద్దు. పి వృక్షంలో బ్లూగిల్ స్థానం 95 దాటింది. 2016లో ఆ వైరస్‌ను వర్ణించినవారూ దీన్ని పాలిచ్చే జంతువుల వైరస్‌లకే దగ్గరగా చూపారు. నాకు కనిపించే సమాధానం ఒకటే: ఈ కుటుంబ చరిత్రలో ఆతిథేయులతో కలిసి నడిచిన కాలాలూ ఉన్నాయి, ఒక తరగతి జంతువు నుంచి ఇంకో తరగతికి దూకిన సందర్భాలూ ఉన్నాయి. వృక్షాన్ని జంతువుల వృక్షంతో జతచేసి వయసులు ఊహించడం ఇక కుదరదు.

దశ 5: అబద్ధం చెప్పిన గడియారం

వయసు కట్టే మామూలు దారి ఇది. తేదీ తెలిసిన సీక్వెన్సులు తీసుకుని, వేరు నుంచి ఒక్కో కొస దాకా దూరం కొలిచి, తేదీకి ఎదురుగా చుక్కలు పెట్టాలి. పాత నమూనాలు వేరుకు దగ్గరగా, కొత్తవి దూరంగా ఉంటే గీత పైకి వాలుతుంది. ఆ వాలే మార్పు వేగం.

మనిషి వైరస్ సీక్వెన్సులను టెంప్‌ఎస్ట్‌లో పెడితే గీతకు వాలు లేదు. చుక్కల మబ్బు మాత్రమే. నమూనాల మధ్య కాలం చాలదేమో అనుకోవడానికీ వీల్లేదనిపించింది: నేపుల్స్‌లోని 16వ శతాబ్దపు పిల్లవాడి మమ్మీ నుంచి హెపటైటిస్ బి జీనోము 2018లో చదివారు. అంతకుముందు ఆ బిడ్డకు మశూచి సోకిందనుకునేవారు. దాదాపు 450 ఏళ్ల ఆ వైరస్ నేటి జీనోటైప్ డి సీక్వెన్సుల మధ్య, వాటిలో ఒకటిగానే ఇమిడిపోయింది.

అయినా ప్రచురితమైన ఒక వేగాన్ని అరువు తెచ్చుకుని లెక్క కడితే ఏమవుతుందో చూద్దామనుకున్నాను. ఏడాదికి ఒక్కో స్థానంలో 10⁻⁵ మార్పులు అనుకుందాం. రెండు సీక్వెన్సుల్లో 20 శాతం స్థానాలు వేరుగా ఉన్నాయనుకుందాం. ఒకే చోట మళ్లీ మళ్లీ జరిగిన మార్పులకు జ్యూక్స్-కాంటర్ సవరణ చేస్తే దూరం 0.233. రెండు కొమ్మలు కాబట్టి 0.233ను 2×10⁻⁵తో భాగించాలి. వచ్చేది సుమారు 11,600 ఏళ్లు.

ఈ అంకెను గుర్తుంచుకోండి. వచ్చే దశలో దీన్ని పక్షి జీనోముతో తూకం వేస్తాను.

దశ 6: పక్షి జీనోముల్లో శిలాజాలు

వైరస్‌కు ఎముకలు ఉండవు. కానీ అరుదుగా దాని డీఎన్ఏ ముక్క పక్షి బీజకణంలోని జీనోములో అతుక్కుని తరతరాలుగా పిల్లలకు అందుతుంది. అతుక్కున్న రోజు నుంచి అది వైరస్ వేగంతో మారదు, పక్షి వేగంతో మారుతుంది. ఒకే ముక్క ఒకే చోట రెండు జాతుల పక్షుల్లో ఉంటే, ఆ జాతులు విడిపోకముందే అది అక్కడ చేరిందని అర్థం. జీబ్రా ఫించ్ జీనోములో ఇలాంటి ముక్కలను 2010లో వర్ణించారు. వాటిలో కొన్ని కనీసం 1.9 కోట్ల ఏళ్లవి. 2013లో మరొకటి సుమారు 8.2 కోట్ల ఏళ్లదని, దాదాపు పూర్తి జీనోమేనని తేలింది. డైనోసార్ల కాలం నాటి వైరస్ అది. తాబేళ్లలోని ఒక ముక్క 20.7 కోట్ల ఏళ్లకు పైబడినదని 2014లో వచ్చింది.

వీటిని నా చేత్తో వెతకకుండా వృక్షంలో పెట్టడం ఇష్టం లేకపోయింది. వేటలో రెండు అడ్డంకులు బాగా సమయం తిన్నాయి.

మొదటిది: పి ప్రోటీన్ మొత్తాన్ని వల వేస్తే లెక్కలేనన్ని ముక్కలు పడ్డాయి, అన్నీ పనికిరానివే. జీనోముల నిండా రెట్రోట్రాన్స్‌పోజాన్లు (తమ ప్రతులను జీనోములో వేరే చోట్ల అతికించుకునే డీఎన్ఏ ముక్కలు) ఉంటాయి, వాటికీ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఉంటుంది. టీబ్లాస్ట్‌ఎన్ ఆ పోలికనే పట్టుకుంటుంది. పరిష్కారం: టెర్మినల్ ప్రోటీన్, కోర్ మాత్రమే వలగా వేయడం. ఇవి ఆ రెట్రోట్రాన్స్‌పోజాన్లలో ఉండవు. జల్లెడ ఒక్కసారిగా శుభ్రమైంది.

రెండోది మరీ మోసం. ఏ సంబంధమూ లేని జంతువుల డేటాలో వుడ్‌చక్ వైరస్‌తో అక్షరం అక్షరం కలిసే ముక్క, దాదాపు 600 అక్షరాల పొడవుతో, మళ్లీ మళ్లీ తగిలింది. అది శిలాజం కాదు. వుడ్‌చక్ వైరస్‌లోని ఒక నియంత్రణ భాగాన్ని ప్రయోగశాలల్లో లెంటివైరల్ వెక్టర్లలో (కణాల్లోకి జన్యువులను మోసుకెళ్లే వాహకాల్లో) ఎక్కువగా వాడతారు. అది నమూనాల్లో కలిసి డేటాబేసుల్లోకి చేరుతుంది. కోట్ల ఏళ్ల ముక్క ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండదు. పోలిక పూర్తిగా కుదిరితే సంతోషించకుండా ముందు అనుమానించండి.

నిలిచిన పద్ధతి:

1. వల: బాతు వైరస్ టెర్మినల్ ప్రోటీన్, కోర్.
2. తగిలిన ముక్కకు ఇరువైపులా 2000 అక్షరాల పక్షి డీఎన్ఏ కోసుకోవాలి.
3. ఆ పక్క డీఎన్ఏతో ఇతర పక్షుల జీనోముల్లో అదే చోటు వెతకాలి.
4. అక్కడ ముక్క ఉందా, ఖాళీగా ఉందా రాసుకోవాలి. ఖాళీ చోటు కూడా సాక్ష్యమే. 8.2 కోట్ల ఏళ్ల ముక్కకు కోడి జీనోము ఖాళీ చోటు చూపాలి, ఎందుకంటే కోళ్లు, బాతుల శాఖ అంతకుముందే విడిపోయింది.
5. ముక్కలో స్టాప్ కోడాన్లు, ఫ్రేమ్ జారుళ్లు (అక్షరాలు చేరడం, పోవడం వల్ల కోడాన్ల లెక్క తప్పిన చోట్లు) ఉండాలి. పాతది అన్నదానికి ఇవి గుర్తులు.
6. ఒకే ముక్కకు వేర్వేరు పక్షుల్లో ఉన్న ప్రతులను అమర్చి, అతుక్కున్ననాటి సీక్వెన్సును తిరిగి కట్టాలి. ఇలా చేస్తే తర్వాత పక్షిలో చేరిన మార్పుల్లో చాలావరకు తొలగిపోతాయి.

ఇప్పుడు దశ 5లోని లెక్కను మళ్లీ చేద్దాం. నేటి పక్షి వైరస్‌కూ 1.9 కోట్ల ఏళ్ల శిలాజానికీ దూరం అదే 0.233 అనుకుందాం. పక్షి జీనోము ఏడాదికి సుమారు 2×10⁻⁹ వేగంతో మారుతుంది. 1.9 కోట్ల ఏళ్లలో శిలాజం వైపు చేరిన మార్పు 0.038. మిగిలిన 0.195 వైరస్ వైపుది. దాన్ని 1.9 కోట్లతో భాగిస్తే 1.0×10⁻⁸.

అరువు తెచ్చుకున్న వేగం కంటే వెయ్యి రెట్లు తక్కువ. 2010 నాటి పరిశోధనా ఇదే చెప్పింది: దీర్ఘకాల వేగం స్వల్పకాల వేగం కంటే వెయ్యి రెట్లకు పైగా నెమ్మది. అదే దూరానికి ఒక గడియారం 11,600 ఏళ్లు అంటుంది, శిలాజం కోటీ తొంభై లక్షలు అంటుంది. శిలాజం పక్షి జీనోములో కళ్లెదుట ఉంది కాబట్టి సర్దుకోవాల్సింది గడియారమే.

ఎందుకింత తేడా? దశ 3లోని కాగితమే ఇందుకు చాలావరకు జవాబు అని నా నమ్మకం. రోగి ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ ఒత్తిడికి పుట్టే మార్పులు కొన్నేళ్లు నిలుస్తాయి, కొత్త ఒంటికి చేరాక నిలవవు. ఒక్కో అక్షరం రెండు ప్రోటీన్లకు పనిచేస్తుంటే దీర్ఘకాలంలో బతికి బట్టకట్టే మార్పులు కొన్నే. దానికి తోడు, అదే కొద్ది స్థానాలు ముందుకూ వెనక్కూ మారుతూ ఉంటే పాత మార్పులు కనపడకుండా పోతాయి.

ఇప్పటికి జమ: 38 వైరస్‌లు, 2 శిలాజాలు (1.9 కోట్లది, 8.2 కోట్లది), మొత్తం 40 వరుసలు. తాబేలు ముక్క మరీ ఛిద్రమై ఉంది. ట్రిమ్‌ఏఎల్ తర్వాత అందులో మిగిలింది వృక్షంలో చోటు నిర్ణయించడానికి చాలదు కాబట్టి దాన్ని కలపలేదు.

దశ 7: ఎస్, ఎక్స్ ఎప్పుడొచ్చాయి

చిన్న దశే, నాకు మాత్రం ఎంతో నచ్చినది. వృక్షం మీద ఏ కొమ్మకు ఏ జన్యువు ఉందో గుర్తులు పెట్టాను. పి, సి అందరికీ ఉన్నాయి. ఎస్ నాకెడ్నాలకు లేదు, హెపడ్నాలన్నిటికీ ఉంది. కనుక ఎస్ ఈ రెండు శాఖలూ విడిపోయాక, అప్పటికే ఉన్న పి మీదనే కొత్తగా పుట్టిందని 2017 నాటివారి వాదన. పైపొర లేని వైరస్ పైపొర సంపాదించుకున్న తీరు అది. ఎక్స్ పాలిచ్చే జంతువుల శాఖలో స్పష్టంగా ఉంది. 8.2 కోట్ల ఏళ్ల పక్షి శిలాజంలో లేదు.

2013లో ఆ శిలాజాన్ని వర్ణించినప్పుడు, పాలిచ్చే జంతువుల జీనోముల్లో ఇలాంటి ముక్కలు కనిపించడం లేదు కాబట్టి ఈ కుటుంబానికి పక్షులే తొలి ఆతిథేయులు కావచ్చన్న ఊహ వచ్చింది. అప్పటి సాక్ష్యానికి అది సబబైన మాటే. చేపలు వచ్చాక నిలవలేదు.

దశ 8: రెండు గడియారాలు ఒకే వృక్షంలో ఇమడవు

శిలాజాలనూ, తేదీ తెలిసిన మనిషి సీక్వెన్సులనూ కలిపి బీస్ట్ 2లో ఒకే సడలింపు గడియారం (కొమ్మకో వేగాన్ని అనుమతించే మోడల్) పెట్టి నడిపాను. గొలుసు (ఒకదాని తర్వాత ఒకటిగా వృక్షాలను ప్రయత్నిస్తూ సాగే లెక్క) స్థిరపడలేదు. ఒక రన్ వేగంగా మారే మనిషి కొమ్మ వైపు ఒరిగి వేరును లక్షల ఏళ్లకు లాగింది, ఇంకో రన్ శిలాజాల వైపు ఒరిగి మనిషి జీనోటైపులను కోట్ల ఏళ్లకు తోసింది. గొలుసు పొడవు పెంచడం వల్ల ప్రయోజనం లేదు. కాలవ్యవధిని బట్టి వేగం మారుతుందన్న సంగతి ఆ మోడల్‌లో లేదు.

మార్పు: పనిని రెండుగా చీల్చాను.

వృక్షం ఒకటి, కుటుంబం మొత్తం. ప్రోటీన్ అలైన్‌మెంట్. మనిషి సీక్వెన్సుల తేదీలు ఇందులో లేవు. వయసుకు ఆధారం శిలాజాలే, అదీ కనీస వయసులుగా మాత్రమే. 'కనీసం' అన్నచోట 'సుమారు' పెడితే ఫలితం చూడటానికి ఇరుకుగా, అందంగా వస్తుంది, కానీ ఆ ఇరుకుకు సాక్ష్యం లేదు.

వృక్షం రెండు, మనిషి, వానర వైరస్‌లు. డీఎన్ఏ అలైన్‌మెంట్. ఆధారం పురాతన ఎముకలు, దంతాల్లో దొరికిన జీనోములు. 2018లో 800 నుంచి 4,500 ఏళ్ల నాటివి వచ్చాయి. వాటితో కట్టిన వేగం ఏడాదికి 8.04×10⁻⁶ నుంచి 1.51×10⁻⁵ దాకా. అదే ఏడాది 7,000 ఏళ్ల నాటి నియోలిథిక్ (కొత్త రాతియుగపు) జీనోము ఒకటి చదివితే, అది నేటి మనుషుల రకాలకంటే చింపాంజీ, గొరిల్లా వైరస్‌లకు దగ్గరగా తేలింది. 2021లో 10,500 నుంచి 400 ఏళ్ల క్రితం వరకు విస్తరించిన 137 జీనోములతో, మనకు తెలిసిన మనిషి రకాలన్నిటి ఉమ్మడి పూర్వీకుణ్ణి 20,000 నుంచి 12,000 ఏళ్ల మధ్య పెట్టారు. టెంప్‌ఎస్ట్‌లో నేటి నమూనాలకు చదునుగా ఉన్న గీత, ఈ పాత జీనోములు కలిపాక వాలింది. 450 ఏళ్లు చాలలేదు, పది వేల ఏళ్లు చాలాయి.

25.4 కోట్ల మంది దీర్ఘకాలికంగా ఈ వైరస్‌తో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022కు అంచనా వేసింది. టెంట్-మేకింగ్ గబ్బిలం వైరస్ ఉపరితల ప్రోటీన్లు తొడిగిన కణాలు ప్రయోగశాలలో మనిషి కాలేయ కణాల్లోకి ప్రవేశించగలిగాయని 2013 పరిశోధన చూపింది. ఎవరి వైరస్ ఎవరి దగ్గరి నుంచి, ఎప్పుడు వచ్చిందన్న ప్రశ్నను నేను పట్టుకుని వదలకపోవడానికి కారణం ఇదే.

ప్రస్తుత స్థితి:

1. వృక్షం ఒకటి: కొమ్మల ఆకారం ఖరారు. శిలాజాలు రెండూ పక్షుల కొమ్మ పక్కనే నిలిచాయి, బలం 95 పైన.
2. వృక్షం రెండు: కలగలుపు ఉన్న పురాతన జీనోములను దశ 1లోని 300 అక్షరాల ముక్కల పద్ధతితోనే జల్లెడ పడుతున్నాను. పాత ఎముకల డేటాలో చదవలేని అక్షరాలు ఎక్కువ కాబట్టి ముక్క పొడవు 500కు పెంచాల్సి వచ్చింది.
3. చిలుకల జీనోముల్లో బడ్జరిగార్ (ఒక చిన్న చిలుక) శిలాజాల పక్క డీఎన్ఏ కోత మొదలైంది. ఇతర చిలుక జాతుల్లో అదే చోటు ఖాళీగా ఉందో లేదో చూశాకే దాన్ని మూడో శిలాజంగా కలపాలా వద్దా అన్నది తేలుతుంది.
4. వృక్షం ఒకటి మీద బీస్ట్ గొలుసు నడుస్తోంది. మిగతా రాశులన్నిటికీ ఈఎస్ఎస్ (గొలుసులో నిజంగా స్వతంత్రమైన నమూనాలు ఎన్నో చెప్పే అంకె) 200 దాటింది. వేరు వయసుకు ఇంకా దాటలేదు. దాటాక, వేర్వేరు మొదళ్ల నుంచి నడిపిన రెండు గొలుసులూ ఒకే మాట చెబితేనే ఆ వయసును ఇక్కడ రాస్తాను.